ఇంగ్లీషు మీదుగా ఇటలీకి

రోమ్‌లోని తెర్మినీ స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు నా సంచిలో ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంది. నెల రోజులు కూర్చుని, రోజూ వాడే ఇంగ్లీషు మాటలను, నుడికారాలను ఎడమ పక్క రాసి, నిఘంటువు సాయంతో కుడి పక్క మాటకు మాట ఇటాలియన్ పేర్చాను. ఇంగ్లీషు బాగానే వచ్చు కాబట్టి అక్కడి నుంచి ఇటాలియన్‌లోకి అడుగు వేయడం పిల్లకాలువ దాటినంత పని అనుకున్నాను. ఫ్లోరెన్స్‌కు ప్రయాణం గంటన్నర. నా నమ్మకం అంతసేపు కూడా నిలవలేదు.

జులై ఎండ మండిపోతోంది. ఎదురుగా అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్లు విసనకర్రలతో విసురుకుంటున్నారు. మాట కలుపుదామని "సోనో కాల్దో" అన్నాను. నా లెక్కలో దానర్థం "నేను వేడిగా ఉన్నాను" అని. ఒకావిడ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. రెండో ఆవిడ ముఖం విసనకర్ర చాటుకు వెళ్లింది కానీ, భుజాలు మాత్రం అదురుతూనే ఉన్నాయి. కాసేపటికి తేరుకుని, ఆవిడే నెమ్మదిగా దిద్దింది: "ఓ కాల్దో." వేడి నాకు ఉంది అనాలట, నేనే వేడి అనకూడదట. నేనన్న దానికి అక్కడ శృంగారపరమైన అర్థం వస్తుంది. తలెత్తకుండా కిటికీలోంచి తస్కనీ పొద్దుతిరుగుడు చేలు చూస్తూ కూర్చున్నాను.

చూస్తుండగా తట్టింది. తెలుగులో మాత్రం "నేను ఉక్కగా ఉన్నాను" అని ఎవరంటారు? "నాకు ఉక్కగా ఉంది" అంటాం. ఆకలి, దాహం, నిద్ర, భయం అన్నీ మనకు ఉంటాయి, వేస్తాయి, వస్తాయి. ఇటాలియన్‌లోనూ ఈ నాలుగింటికీ 'కలిగి ఉండటం' అనే క్రియే వాడతారు. తెలుగువాణ్ణి అయి ఉండి, ఇంగ్లీషువాడు చేయవలసిన తప్పు నేను చేశాను.

ఫ్లోరెన్స్‌లో ఆర్నో నదికి దక్షిణాన, ఓల్త్రార్నో పేటలో గది తీసుకున్నాను. యజమానురాలు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నావిడ. నా నోటుపుస్తకం చూసి, పరీక్ష పేపరు దిద్దినట్టు పెన్సిలు తీసింది. మూడో రోజు మధ్యాహ్నం ఉరుములతో వాన అందుకుంది. ఇదే అదను అనుకుని, జోరువానకు ఇంగ్లీషువాడు అనే "పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి" అన్న మాటను ఇటాలియన్‌లో అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నిదానించి, "ఎవరివి?" అని అడిగింది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది: "పియోవె ఎ కాతినెల్లె." కాతినెల్లా అంటే ముఖం కడుక్కునే బేసిన్. బేసిన్లతో గుమ్మరించినట్టు కురుస్తోందని.

కుండపోత! నాకు గట్టిగా నవ్వొచ్చింది. మనం కుండ వంచాం, వాళ్లు బేసిన్ వంచారు. మధ్యలో ఆ జంతువులను నేనెందుకు మోసుకొచ్చినట్టు?

అప్పటి నుంచి పుస్తకంలో మూడో వరుస గీశాను, తెలుగుకు. ధరలు మండిపోతున్నాయనడానికి ఇంగ్లీషువాడు ఒక చెయ్యి, ఒక కాలు ఇచ్చుకుంటాడు. ఇటాలియన్లు "తలలోని ఒక కన్ను" ఇస్తారు. మనకేమో ధర వింటేనే కళ్లు తిరుగుతాయి. ఇంగ్లీషు పిట్టలు రెండూ ఒక రాయికి పడతాయి, మనవి ఒక దెబ్బకు పడతాయి. ఇటలీలో దెబ్బ మాటే లేదు, ఒకే చిక్కుడు గింజతో రెండు పావురాలను పట్టుకుంటారు. నాకు ఈ పద్ధతే నచ్చింది, కనీసం పావురాలు బతికి ఉంటాయి. నది కనిపించే గది కావాలి, వీధి గోల వినిపించకూడదు, అద్దె పెంచకూడదు అని నేను బేరం పెట్టినప్పుడు యజమానురాలు అన్న మాట: "పీపా నిండుగా ఉండాలి, పెళ్లాం తాగి తూలాలి." అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నమాట. ఇదే సంగతిని ఇంగ్లీషు కేకుతో చెబుతుంది: కేకు తినెయ్యాలి, అది చేతిలోనూ ఉండాలి. ఆ మూడింట్లో కేకుదే చప్పటి రుచి.

ఇటాలియన్ అన్నిసార్లూ మన వైపే మొగ్గుతుందని కాదు. ఎప్పుడో ఒకసారి జరిగేదాన్ని ఇంగ్లీషు నీలి చందమామతో చెబుతుంది. మనం అమావాస్యకో పున్నమికో అంటాం, అంటే ఇద్దరం చంద్రుణ్ణే నమ్ముకున్నాం. ఇటాలియన్లు మాత్రం "పోప్ చనిపోయినప్పుడల్లా" అంటారు. వాటికన్‌ను ఇంటి పక్కన పెట్టుకున్నవాళ్లకే తట్టే పోలిక ఇది.

ఇష్టాల దగ్గరా ఇదే గొడవ. టమాటా, రొట్టె కలిపి చేసే పాప్పా అల్ పొమొదోరో తిని, బాగుందని చెప్పబోయి "ఇయో పియాచ్చో" అన్నాను. అంటే "నేను నచ్చుతాను". వడ్డించిన కుర్రాడు మర్యాదగా తల ఊపి వెళ్లిపోయాడు. అనాల్సింది "మి పియాచె", నాకు నచ్చింది. ఒకటైతే పియాచె, చాలా ఉంటే పియాచ్చోనో. నచ్చింది, నచ్చాయి. తెలుగులో ఉన్నట్టే క్రియ నచ్చిన వస్తువు వెంట నడుస్తుంది. ఇంగ్లీషు దారిలో వెళ్తే ఇది వ్యాకరణ పాఠం. తెలుగులోంచి నేరుగా వెళ్తే పాఠమే లేదు.

ఒక ఉదయం బస్సెక్కి నగరం అంచున ఉన్న కాస్తెల్లోకి వెళ్లాను. ఒకప్పుడు ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదీచీ వంశం వారి పాత విల్లాలో అక్కడ అక్కాదెమియా దెల్లా క్రుస్కా ఉంది. 1583లో ఫ్లోరెన్స్‌లో పుట్టిన భాషా సంస్థ ఇది. క్రుస్కా అంటే తవుడు. పిండిని తవుడు నుంచి వేరు చేసినట్టు మంచి భాషను జల్లించాలని ఆ పేరు పెట్టుకున్నారు. సభ్యులు ఒక్కొక్కరూ ధాన్యం ఎత్తే పార మీద తమ చిహ్నం వేయించుకునేవారు. వాళ్ల నిఘంటువు 1612లో వెనిస్‌లో అచ్చయింది. నేను తోటలో తిరిగి, విల్లా గోడలు చూసి వచ్చేశాను. నా నోటుపుస్తకాన్ని ఆ జల్లెడలో వేస్తే మిగిలేది అట్ట ఒక్కటే.

ఉఫ్ఫీత్సీ గ్యాలరీలో ఎక్కువసేపు నిలబడింది పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రొంజీనో గీసిన ఎలెయొనోరా ది తొలేదో అనే రాజవంశపు స్త్రీ చిత్రం ముందు. ఆ పట్టు దుస్తుల చేతుల మీదే నా కళ్లు. కారణం ముందు రాత్రి నేర్చుకున్న మాట. "అది వేరే సంగతి" అనడానికి ఇటాలియన్‌లో "అది వేరే చేతుల జత" అంటారు. ఆ కాలంలో దుస్తులకు చేతులు విడిగా కుట్టించుకుని, కావలసినప్పుడు తగిలించుకునేవారు, మార్చుకునేవారు. ఎన్నో శతాబ్దాల కిందటి దర్జీ పని ఇప్పటికీ నోళ్లలో తిరుగుతోంది.

తెలుగూ ఆదుకోని చోటు ఒకటి ఎదురైంది. మా గది కింద అంతస్తులో ఉన్న కుర్రాడు వయొలిన్ పెట్టెతో కచేరీకి బయలుదేరుతున్నాడు. కచేరీ బాగా జరగాలని కోరుతూ, ఇంగ్లీషు ఆనవాయితీ ప్రకారం "కాలు విరగ్గొట్టుకో" అన్నాను, ఇటాలియన్‌లో. అతని ముఖం పాలిపోయింది. యజమానురాలు మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చి నా తరఫున క్షమాపణ చెప్పి, "ఇన్ బోక్కా అల్ లూపో" అంది. తోడేలు నోట్లోకి అని దాని అర్థం. అది విని అతను నవ్వి, "క్రేపి" అంటూ వెళ్లాడు. అంటే ఆ తోడేలు చావాలి అని. కాలు విరగడం శాపమైనప్పుడు తోడేలు నోట్లో పడటం దీవెన ఎలా అయిందని అడిగాను. ఆవిడ దగ్గర జవాబు లేదు. మూడో వరుసలో ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

చివరి మజిలీ వెనిస్. సాయంత్రం నీటి బస్సు కోసం రేవులో కూర్చున్నాను. పుస్తకం సంచి అడుగున ఉంది. చేతికర్రతో ఒక ముసలాయన వచ్చి, పడవ ఎప్పుడొస్తుందని అడిగాడు. నాకు తెలియదు. భుజాలు కాస్త ఎగరేసి "బో" అన్నాను. ఏమో అనడానికి ఇటాలియన్లు అనే మాట అది. నా నోటికి దానంతటదే వచ్చింది. ఆయన "బో" అని తనూ భుజాలు ఎగరేసి, కర్ర పక్కన పెట్టి, బల్ల మీద కూర్చున్నాడు.