పెంటాక్స్ కె1000తో విశాఖలో: సూది చెప్పే వెలుగు, మనం ఎంచుకునే వెలుగు

ఈ మధ్య నా సాధనంతా ఒక్క విషయం మీదే: సముద్రం పక్కన వెలుగు కొలవడం. కెమెరా పెంటాక్స్ కె1000, దానికి 50 ఎంఎం ఎఫ్2 లెన్స్. 1976లో మొదలై 1997 దాకా తయారైన మోడల్ ఇది. కొత్తగా ఫిల్మ్ నేర్చుకుంటామనే వాళ్లకి నేను మొదట చెప్పే పేరు ఇదే. షట్టర్ స్పీడు, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర; ఎఫ్ అంకె చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు), ఫోకస్ మూడూ మనమే తిప్పాలి. బ్యాటరీ వెలుగు కొలిచే మీటర్ కోసం మాత్రమే, ఒక్క ఎల్‌ఆర్44 బటన్ సెల్. అది అయిపోయినా షట్టర్ పనిచేస్తూనే ఉంటుంది. ఆన్, ఆఫ్ స్విచ్ లేదు కాబట్టి పని అవగానే లెన్స్‌కి మూత పెట్టేయాలి. లేకపోతే వెలుగు తగిలినంతసేపూ మీటర్ సెల్‌ని తింటూనే ఉంటుంది.

వ్యూఫైండర్‌లో కుడివైపు ఒక సూది ఉంటుంది. అది మధ్యకి వస్తే వెలుగు సరిపోయినట్టు. నీడలో, వీధుల్లో, పూర్ణా మార్కెట్ లాంటి చోట ఆ మాట నమ్మొచ్చు. ఆర్కే బీచ్‌లో మాత్రం అలా కుదరదు. ఎదురుగా ఉన్నది ఏదైనా సరే, మీటర్ దాన్ని మధ్యస్థపు బూడిద రంగుగానే లెక్కేస్తుంది. ఎండలో మెరిసే ఇసుక, నురగ ఫ్రేమ్ నిండా ఉంటే సూది ప్రకారం తీసిన ఫోటోలో ఇసుక మట్టిరంగులోకి దిగిపోతుంది, మనుషుల మొహాలు నల్లబడతాయి. అక్కడ ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు, ఇవ్వాలి. అదే రోడ్డున నాలుగడుగులు వేసి మ్యూజియంగా ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామి దగ్గర నిలబడితే లెక్క తిరగబడుతుంది. ఆ నల్లటి ఉక్కు ఫ్రేమ్ నిండా ఉన్నప్పుడు ఒక స్టాప్ తగ్గిస్తేనే నలుపు నలుపుగా వస్తుంది. ఒకే ఎండ, ఒకే బీచ్, రెండు వేర్వేరు నిర్ణయాలు. దీన్ని చదివి తెలుసుకోవడం వేరు, నెగెటివ్‌లో చూడటం వేరు.

ఇప్పుడు నాకు అలవాటైన పద్ధతి ఇది. ఎండ పడుతున్న బీచ్ రోడ్డు పాత తారు వైపు కెమెరా వంచి సూదిని మధ్యకి తెచ్చుకుంటాను. ఆ సెట్టింగ్ కదపకుండా సముద్రం వైపు తిరిగి తీస్తాను. రోడ్డు లేని చోట అరచేతిని అదే ఎండలో పెట్టి కొలిచి, ఒక స్టాప్ ఎక్కువ ఇస్తాను.

మిట్టమధ్యాహ్నం 400 ఫిల్మ్ (ఈ అంకె పెద్దదైతే తక్కువ వెలుగు చాలు) వేసుకుని వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మబ్బులేని ఎండకి ఎఫ్16, 1/500 సెకను సరిపోతుంది. ఈ కెమెరాలో గరిష్ఠ వేగం 1/1000. అంటే ఎఫ్11 కన్నా ఎక్కువగా లెన్స్ తెరవలేం, వెనకాల మసకబారిన నేపథ్యం అప్పుడు దొరకదు. అది కావాలంటే పొద్దున్నే వెళ్లాలి, లేదా 100 ఫిల్మ్ వేసుకోవాలి. నలుపు తెలుపులో మబ్బులు బాగా కనబడాలంటే 49 ఎంఎం పసుపు ఫిల్టర్ బిగించుకోండి. మీటర్ లెన్స్ లోంచి వచ్చే వెలుగునే కొలుస్తుంది కాబట్టి ఫిల్టర్ మింగే వెలుగుని వేరే లెక్కవేయక్కర్లేదు.

నాకు బాగా నచ్చిన ఫ్రేములు ఫిషింగ్ హార్బర్‌వి. తెల్లవారుతుండగా షెడ్డు కింద వేలం నడుస్తుంది. బయట మరపడవల మీద వెలుగు, లోపల చీకటి. లోపల మనుషుల కోసం నేను 1/60, ఎఫ్2.8 దగ్గర ఉండి, బయటి ఆకాశం తెల్లగా పోతే పోనిచ్చాను. ఐస్ ముక్కల మీద కానాగంతలు పేరుస్తున్న ఒక పెద్దమ్మ షట్టర్ చప్పుడుకి తలెత్తి, “రీలు కెమెరాయేటి బాబూ? ఇంకా దొరుకుతున్నాయేటి రీళ్లు?” అంది. దొరుకుతున్నాయమ్మా అంటే, కొంగు సర్దుకుని మళ్లీ తియ్యమంది. ఆ రెండో ఫ్రేములో ఆమె చేతి గాజుల మీద నీటిచుక్కలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఫోకస్ నిదానంగా తిప్పుకునే వ్యవధి ఆమే ఇచ్చింది.

డెవలపింగ్ ఇంట్లోనే చేస్తున్నాను. హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్మ్, డి-76 డెవలపర్ ఒకటికి ఒకటి నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. మన ఊళ్లో వేసవిలో కుళాయి నీళ్లు అంత చల్లగా రావు. కాబట్టి ఫ్రిజ్‌లో రెండు సీసాలు ముందే పెట్టుకుని, పెద్ద టబ్బులో ఫిల్మ్ ఉన్న ట్యాంకు, రసాయనాల సీసాలు కలిపి ఉంచి, చల్లనీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ థర్మామీటర్ చూసుకుంటాను. నీళ్లు కలపకుండా డెవలపర్‌ని నేరుగా వాడితే 20 డిగ్రీల దగ్గరే ఏడున్నర నిమిషాలు. వేడి పెరిగితే సమయం ఇంకా తగ్గించాలి. ఐదు నిమిషాల లోపు పడిపోతే ఫిల్మ్ అంతటా సమానంగా డెవలప్ అవడం కష్టం. మన వాతావరణానికి కలిపి వాడటమే మేలు.

ఇక ఉప్పుగాలి సంగతి. బీచ్ నుంచి రాగానే కెమెరా పైభాగాన్ని కొంచెం తడిపిన బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో ఆరబెడతాను. తోలు సంచిలో ఎక్కువకాలం ఉంచొద్దు, తేమ పట్టి లెన్స్‌లో ఫంగస్ వస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, అంతే ఖర్చు. పాత కెమెరా కొనేవాళ్లు వెనక తలుపు తెరిచి అంచుల్లోని నల్ల ఫోమ్‌ని వేలితో తాకి చూడండి. జిగటగా అంటుకుంటే అది మార్చాకే ఫిల్మ్ వేయండి, లేకపోతే వెలుగు లోపలికి కారుతుంది.

ప్రస్తుతం లోపల కొడాక్ గోల్డ్ 200 రంగుల ఫిల్మ్ ఉంది, ఫిల్మ్ వేగం డయల్ 200 మీద పెట్టాను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి సాయంత్రం ఎండలో వెళ్లాలి. ఒకే చోట సూది చెప్పినట్టు ఒకటి, ఒక స్టాప్ ఎక్కువ ఇచ్చి ఇంకొకటి తీసి, ఆ ఎరుపు దేనిలో బాగా నిలుస్తుందో పోల్చి రాస్తాను.