బెల్టు చివర నాలుగో స్ట్రైప్

కరాటేలో చేరిన పిల్లల చూపంతా బెల్టు మీదే ఉంటుంది. ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకి రావాలంటే నెలలు పడుతుంది. ఆరేడేళ్ల పిల్లలకి అది ఎంతకీ తరగని దూరం. అందుకే చాలా క్లాసుల్లో మధ్యమధ్యలో బెల్టు చివర రంగు టేపు చుట్టి స్ట్రైప్ ఇస్తారు. కిహోన్‌కి (ప్రాథమిక కదలికలు) ఒకటి, కటాకి (వరసగా చేసే కదలికల కూర్పు) ఒకటి, కుమితేకి (ఎదురెదురుగా నిలబడి చేసే పోరు) ఒకటి, నాలుగోది నడవడికకి. మొదటి మూడూ ఇవ్వడం తేలిక. దెబ్బను అడ్డుకునే బ్లాక్ సరిగ్గా పడిందో లేదో కంటికి కనిపిస్తుంది. తంటా అంతా నాలుగోదానితోనే.

"బుద్ధిగా ఉన్నందుకు" అని స్ట్రైప్ చుట్టేస్తే, తను ఏం చేసినందుకు వచ్చిందో పిల్లవాడికి తెలీదు. రేపు మళ్లీ ఏం చేయాలో అసలే తెలీదు. కాబట్టి గుణాన్ని ముందు కంటికి కనిపించే పనిగా మార్చాలి. గౌరవం అంటే, ఎవరూ గుర్తుచేయకుండానే డోజో (కరాటే నేర్చుకునే చోటు) గుమ్మం దగ్గర వంగి నమస్కరించడం. నిగ్రహం అంటే, కుమితేలో దెబ్బ తగిలినా కసిగా తిరిగి కొట్టకుండా "యామే" (ఆపు) అని వినగానే ఆగిపోవడం. బాధ్యత అంటే తన గీ (కరాటే దుస్తులు) తానే మడిచి సంచిలో పెట్టుకోవడం. ఓర్పు అంటే, కటా మధ్యలో తప్పితే మూతి ముడుచుకోకుండా మొదటినుంచి మళ్లీ ఎత్తుకోవడం. ఒక గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) గడువుకి ఒక్క గుణమే తీసుకోండి. నాలుగూ ఒకేసారి పెడితే ఒక్కటీ నిలవదు.

ఇంటి దగ్గర నడవడికకి ఒక కాగితం చాలు. నాలుగు వారాలు, రోజుకో గడి, మొత్తం 28. గడిలో పిల్లలే టిక్కు పెట్టాలి, అమ్మానాన్నలు వారం చివర సంతకం మాత్రం చేయాలి. 28కి 28 అడగొద్దు, 20 చాలనండి. ఒక్క రోజు తప్పితే అంతా పోయిందనుకున్న పిల్లవాడికి రెండే దారులుంటాయి: మానేయడం, లేదా చేయని రోజుకీ టిక్కు పెట్టడం. రెండో దారికి పెద్దవాళ్లు కూడా తోడవుతారు. గ్రేడింగ్‌కి ముందురోజు రాత్రి ఒకే పెన్నుతో, ఒకే వాలుతో నిండిన కాగితాలు ప్రతి క్లాసులోనూ వస్తాయి. అలాంటి కాగితానికి స్ట్రైప్ ఇస్తే మనం నేర్పింది నడవడిక కాదు, దొంగలెక్క. వారం వారం కాగితం చూస్తే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది.

"మాస్టారూ, ఈ మూడు రోజులు చేయలేదు" అని ఎవరైనా ఖాళీ గడులు చూపిస్తే, ఆ రోజు ఆ క్లాసులో అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉండదు. "నిజం చెప్పావు, బాగుంది. ఈ వారం ఏ వేళకి చేస్తావో నువ్వే చెప్పు" అనండి. ఇక్కడ ముఖం చిట్లిస్తే ఆ పిల్లవాడు మళ్లీ ఖాళీ గడి చూపించడు.

బహుమతి ఎప్పుడు ఇస్తున్నామన్నది కూడా చాలా ముఖ్యం. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లలను పరిశీలించారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలు, తర్వాత వాళ్లంతట వాళ్లు గీయడం తగ్గించారు. చెప్పకుండా, గీశాక ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల కనిపించలేదు. అందుకే నాలుగో స్ట్రైప్‌ని ఎరగా చూపించకూడదు. "చెల్లితో పోట్లాడకపోతే స్ట్రైప్ ఇస్తాను" అనేది బేరం. "మొన్న చెల్లి నీ బొమ్మ విరగ్గొట్టినా నువ్వు చెయ్యెత్తలేదట, దీన్నే నిగ్రహం అంటారు" అని చెప్పి టేపు చుట్టడం వేరు. చూసిన పని పేరు పెట్టి చెప్పాలి. ఆ మాటే అసలు బహుమతి, టేపు దానికి గుర్తు.

మెచ్చుకోలులోనూ ఇదే తేడా ఉంది. ముల్లర్, డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, "తెలివైనవాడివి" అనిపించుకున్న పిల్లలు కష్టమైన ప్రశ్నలు ఎదురయ్యాక త్వరగా డీలాపడ్డారు. తమ మార్కుల గురించి అబద్ధం చెప్పినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్లు నిలబడ్డారు. "నువ్వు చాలా మంచివాడివి" అనే మాటకీ ఇదే చిక్కు ఉందని నా నమ్మకం. ఆ పేరు పోకుండా కాపాడుకోవడానికి పిల్లలు తప్పులు దాచేస్తారు.

కొన్ని పనులు అస్సలు చేయకూడదు. ఇచ్చిన స్ట్రైప్‌ని అల్లరి చేశాడని ఊడదీయకూడదు. ఆ రోజు చేసిన మంచి పని ఇవాళ్టి అల్లరితో చెరిగిపోదు కదా. ఇంట్లో మాట వినలేదని క్లాసు మాన్పించడమూ సరికాదు. నిగ్రహం ఎక్కడ నేర్చుకోవాలో ఆ చోటే మూసేసినట్టవుతుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే క్లాసులో ఉంటే ఒకే రోజు ఇవ్వాలన్న లెక్క కూడా పెట్టుకోవద్దు. స్ట్రైప్ రానివాడికి వరసలో నిలబెట్టి కాదు, ముందే పక్కకి పిలిచి ఏం మిగిలిందో చెప్పాలి.

షోతోకాన్ అనే కరాటే శైలి నేర్పే డోజోల్లో క్లాసు చివర డోజో కున్, అంటే డోజో నియమాలు చదువుతారు. అయిదు వాక్యాలు, ప్రతిదీ "హితోత్సు", అంటే "ఒకటి" అనే మొదలవుతుంది. రెండు, మూడు అని ఉండదు, ఎందుకంటే అయిదూ సమానమే. వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుకోవాలన్నది మొదట వినిపిస్తుంది, ఆవేశపు దూకుడును అదుపులో పెట్టుకోవాలన్నది చివర. పిల్లలు దీన్ని గడగడా అప్పజెప్పేస్తారు. ఆ గడువుకి తీసుకున్న గుణం ఏ వాక్యంలో ఉందో వాళ్లనే అడిగితే, చదివే తీరే మారిపోతుంది.

టేపు గురించి కూడా ఒక మాట. నున్నటి ఇన్సులేషన్ టేపు చెమటకి జారిపోతుంది. గుడ్డ టేపు నయం. అర అంగుళం వెడల్పుది తీసుకుని ఒకటిన్నర చుట్టు చుట్టి, కొస లోపలివైపుకి వచ్చేలా అంటించాలి. ఊడిపోతే అడగ్గానే మళ్లీ చుట్టేయండి, దాని మీద విచారణ వద్దు.

రెండు బెల్టులు దాటాక కాగితం ఆపేయొచ్చు. నెలకోసారి "నీకు నువ్వు ఎన్ని మార్కులు ఇచ్చుకుంటావు, ఎందుకు?" అని అడిగితే సరిపోతుంది. చాలామంది పిల్లలు తమకు తాము మనం ఇచ్చేదానికంటే తక్కువే ఇచ్చుకుంటారు. అప్పుడు వాళ్లు మరచిపోయిన ఒక మంచి పనిని తేదీతో సహా గుర్తుచేయడం మాస్టారి వంతు. అందుకే చిన్న నోటుపుస్తకం ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.