అమ్మ పేరున తొమ్మిది గుళ్లు

అలంపురం వచ్చినవాళ్లలో చాలామంది జోగులాంబమ్మనూ, బాలబ్రహ్మేశ్వరస్వామినీ దర్శించుకుని శ్రీశైలానికో మంత్రాలయానికో బయల్దేరిపోతారు. నాలుగడుగులు వేస్తే చాలు, తొమ్మిది శివాలయాలు. అందులో ఒక్కదాంట్లోకే వెళ్లి తిరిగి రావడానికి నా మనసు ఒప్పదు. అందుకే కార్తీకంలో అమ్మను తీసుకెళ్లినప్పుడు, ఆవరణలో ఒక్క గుడినీ వదలకూడదని ఇద్దరం ముందే అనుకున్నాం. తీరా అక్కడికి చేరాక అమ్మ మోకాళ్లు సహకరించలేదు. బాలబ్రహ్మేశ్వరుడి దర్శనం అయ్యాక మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయి, "నువ్వు తిరిగి రామ్మా. అన్నిట్లోనూ నా పేరున కూడా ఒక దండం పెట్టు. ఎక్కడెక్కడ దీపం ఉందో చూసి వచ్చి చెప్పు" అంది.

కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో తుంగభద్ర దాటితే తెలంగాణ. అలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో ఎక్కితే ఊళ్లో దింపుతాడు. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలంటారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం, పడమట అలంపురం. గేటు దగ్గర పూలమ్మే అవ్వ అమ్మ చేతికి మల్లెదండ ఇస్తూ, "ముందు అయ్యను చూసుకోని, ఆటెంక అమ్మ కాడికి పోండి తల్లీ" అని చెప్పింది. అలాగే చేశాం.

బాలబ్రహ్మలోని లింగం మనం రోజూ చూసే నున్నని లింగాల్లా ఉండదు. పైభాగం ఆవు గిట్ట ముద్ర పడినట్టు ఉంటుందని చెబుతారు. అభిషేకం చేస్తుంటే చూడాలి, నీళ్లు ఆ గుంటలో ఒక్క క్షణం నిలిచి అప్పుడు జారతాయి. జోగులాంబమ్మది అష్టాదశ శక్తిపీఠాల వరుసలో ఐదో స్థానం. సతీదేవి పైపళ్ల వరుస పడిన చోటు ఇదేనని విశ్వాసం. 14వ శతాబ్దంలో బహమనీల దాడిలో గుడి పోయినప్పుడు అమ్మవారి విగ్రహాన్ని బాలబ్రహ్మ ఆలయంలోకి తెచ్చి దాచారు. 2005లో పాత చోటే కొత్త గుడి కట్టి ప్రతిష్ఠించేదాకా, ఆరు వందల ఏళ్లకు పైగా, ఆ తల్లి పక్క గుడిలోనే ఉండిపోయింది. ఉగ్రరూపం కాబట్టి చల్లబరచడానికి కొత్త గుడి చుట్టూ నీటిగుండం కట్టారు. ఆమె జుట్టులో బల్లి, తేలు, కప్ప ఉంటాయి. మామూలు రోజుల్లో అలంకారంలో అవేవీ సరిగా కనబడవు, నిజరూప దర్శనం వసంత పంచమి నాడు. అమ్మకు ఆ రోజు రావాలని ఎంతో కోరిక.

ఇక నా నడక. పేర్లు అమ్మ నాతో వల్లె వేయించి పంపింది: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. అన్నీ బ్రహ్మ పేర్లే, గుళ్లు మాత్రం శివుడివి. బ్రహ్మదేవుడు ఇక్కడ తపస్సు చేసి శివుణ్ణి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. కట్టించింది బాదామి చాళుక్యులు, 7, 8 శతాబ్దాల్లో. మన ప్రాంతంలో గుడి అనగానే గర్భగుడి మీద మెట్లు మెట్లుగా పైకి లేచే విమానమే కళ్ల ముందుకొస్తుంది. ఇక్కడ అలా కాదు. అడుగు నుంచి పైదాకా ఒకే వంపుతో లోపలికి తిరిగే శిఖరం, దాని నెత్తిన గాడులు తీరిన గుండ్రటి ఆమలకం. ఒరిస్సా గుళ్లు చూసినవాళ్లు చప్పున పోలిక పట్టేస్తారు. ఆ ఉత్తరాది పద్ధతి కృష్ణా తుంగభద్రల నడిమి సీమలో ఇంత నిండుగా కనబడటం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. తారకబ్రహ్మ ఒక్కటే వేరు, దాని శిఖరం దక్షిణాది పద్ధతిలో అంతస్తులుగా ఉంటుంది.

ముందు కుమారబ్రహ్మలోకి వెళ్లాను. బయట ఎండ మండుతోంది కాబట్టి లోపలికి అడుగు పెట్టగానే ఏమీ కనబడలేదు. కళ్లు అలవాటు పడ్డాక రెండు వరుసల స్తంభాలు, వాటి చివర గర్భగుడి, అందులో లింగం తెలిశాయి. ఈ గుళ్లలో చాలావాటికి ప్రదక్షిణ చేసే దారి లోపలే ఉంటుంది. గర్భగుడి గోడకూ బయటి గోడకూ మధ్య ఒక మనిషి నడిచేంత సందు. బయటి గోడలో రాతిని తొలిచిన జాలీ కిటికీలున్నాయి, ఆ వెలుతురే దారి. గోడను చేత్తో తాకుతూ వెళుతుంటే కిటికీ దగ్గర అరచేతి మీద వెలుగుచుక్కలు పడేవి, రెండడుగులు దాటితే మళ్లీ చీకటి. అమ్మ పేరున ఒక చుట్టు, నా పేరున ఒక చుట్టు. దీపం లేదు.

అర్కబ్రహ్మలోనూ దీపం లేదు, కానీ లింగం మీద వాడని బంతిపువ్వు ఒకటి ఉంది. అంటే ఆ పొద్దున నాకంటే ముందే ఎవరో వచ్చి వెళ్లారు. వీరబ్రహ్మలో స్కూలు పిల్లలు శిఖరం వైపు వేళ్లు చూపించుకుంటూ అరుస్తుంటే, వాళ్ల సారు ఓపికగా చాళుక్యుల గురించి చెబుతున్నాడు. నేనూ కాసేపు నిలబడి విన్నాను. గరుడబ్రహ్మలో ఎగిరే గరుత్మంతుణ్ణి వెతుక్కుని చూశాను.

విశ్వబ్రహ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. అక్కడి స్తంభాల పనితనం చూడాలంటే గొంతుక్కూర్చోవాలి. నా ముందున్న స్తంభం మీద ఒక కుండ, దాని మూతి నిండా పొంగి నాలుగు పక్కలకూ ఒరిగిన ఆకులు. ఒక్కో ఆకు అంచు చిన్నగా మెలి తిరిగి కిందికి వాలింది. పూర్ణకుంభం అని చదువుకున్నదాన్నే, కానీ రాయిలో ఆకుకు బరువు ఉన్నట్టు చెక్కడం ఎలా సాధ్యమైందో నాకు అంతుపట్టలేదు. పదమూడు వందల ఏళ్ల కిందట ఒక శిల్పి నేను కూర్చున్న ఈ చోటే కూర్చుని, ఆ అంచు తిరగడానికి ఇంకెంత రాయి తీయాలో చూసుకుని ఉంటాడు. వీటిని ఎవరూ పూజించడం లేదని అంటారు గానీ, ఆ పని పూజ కాకపోతే మరేమిటి?

స్వర్గబ్రహ్మ తొమ్మిదింటిలోకీ అందమైనది. చాళుక్య వినయాదిత్యుడి (681-696) కాలం నాటి శాసనం ఉన్న గుడి ఇది. ముందు స్తంభాల ముఖమండపం, గోడల చుట్టూ కోష్ఠాల్లో, అంటే గూళ్లలో, దిక్పాలకులు, శివుడి రకరకాల రూపాలు. బయటి నుంచి దీనికి ప్రదక్షిణ చేయడానికి పట్టిన సమయం మిగతావన్నీ చూడటానికి పట్టినంత ఉంటుంది. చాలా బొమ్మల ముక్కులు, చేతులు విరిగిపోయాయి. అయినా నాట్యం చేసే శివుడి మోకాలి వంపులో వేగం తగ్గలేదు.

పద్మబ్రహ్మ, తారకబ్రహ్మ కూడా చూసుకుని మండపానికి తిరిగి వచ్చాను. అమ్మ అడిగిన మొదటి మాట, "దీపాలున్నాయా?" బాలబ్రహ్మలో తప్ప ఇంకెక్కడా లేవని చెప్పాను. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, అందుకే అక్కడ నిత్యపూజలు లేవు. నూనె పొగకు, కర్పూరం మసికి రాతి మీది పని ఎంత పాడవుతుందో నాకు తెలుసు, ఆ కట్టడిని తప్పు పట్టను. అయితే కార్తీక పౌర్ణమి ఒక్కనాడు, గుడి లోపల కాకుండా ముందు నేల మీద తొమ్మిది గుళ్లకూ తొమ్మిది దీపాలు పెట్టనిస్తే ఎంత బాగుంటుందో అనిపించింది. అమ్మ ఆ మాట విని, "నేల మీదైనా చాలు, ఆయనకు కనబడుతుంది" అంది.

గుళ్ల వెనక తుంగభద్ర. ఒడ్డున ఎత్తుగా అడ్డుగోడ ఉంది కాబట్టి కిందనుంచి నది కనబడదు, పైకెక్కి చూడాలి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తన్ని ఈ ఊరి దాకా వస్తాయని ఆ గోడ కట్టారు. 2009 అక్టోబరు వరద దాన్నీ లెక్కచేయలేదు. ఆ ప్రాజెక్టులో ఎన్నో ఊళ్లు, వాటితో పాటు పాత గుళ్లు మునిగాయి. మునగక ముందే కొన్నిటిని రాయి రాయిగా విప్పి వేరే చోట నిలబెట్టారు. అలంపురం యాత్రలో సగం ఆ గుళ్లే అని నా నమ్మకం. వాటిని చూడకుండా వెనుదిరిగితే వెలితే.

అమ్మను ఆటోలో ఎక్కించుకుని సంగమేశ్వరాలయానికి వెళ్లాం. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర ఉండిన గుడి ఇది. (వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడే కర్నూలు వైపు సంగమేశ్వరం వేరు. పేరు ఒకటే కావడంతో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.) గుడి కింద ఎత్తయిన అధిష్ఠానం (రాతి పీఠం), చుట్టూ ప్రాకారం, ఎక్కడా హడావుడి లేదు. గోడ దగ్గరగా నిలబడితే రాయికీ రాయికీ మధ్య అతుకు తెలుస్తుంది. ప్రతి రాయికీ అంకె వేసి, విప్పి, మోసుకొచ్చి, అదే వరుసలో మళ్లీ పేర్చడం అంటే ఎంత శ్రద్ధ! ఆ పని చేసిన కూలీలకూ, మేస్త్రీలకూ, ఇంజనీర్లకూ ప్రాకారం చుట్టూ తిరుగుతూ దండం పెట్టుకున్నాను.

అమ్మ మెట్ల దగ్గరే నిలబడి చుట్టూ చూసి, "సంగమేశ్వరుడు కదా, మరి సంగమం ఏదమ్మా?" అని అడిగింది. నది ఉన్న దిక్కు చూపించాను. తన సంచిలోంచి కాశీచెంబు తీసింది. పొద్దున తుంగభద్రలో ముంచి ఇంటికి తీసుకెళ్దామని దాచుకున్న నీళ్లు అవి. మూత విప్పి, గుమ్మం ముందు నేల మీద కొంచెం వంచింది. "ఇంటికి ఇంకా మిగిలాయిలే" అంది.

పాపనాశి గుళ్లు ఊరికి ఒకటిన్నర రెండు కిలోమీటర్ల దూరం. అవీ నీళ్లొస్తున్నాయని పాత చోటు నుంచి తరలించినవే. 20కి పైగా చిన్న చిన్న గుళ్లు ఒకే చోట గుంపుగా ఉంటాయి. ఇవి నవబ్రహ్మల తర్వాతి కాలానివి, రాష్ట్రకూటుల, కల్యాణీ చాళుక్యుల నాటివి. శిఖరాలు కూడా వేరు, పలకల మీద పలకలు పేర్చినట్టు మెట్లుగా పైకి సన్నబడతాయి. గుడికీ గుడికీ మధ్య పది అడుగులైనా ఉండదు. అది చూసి అమ్మ ఆటో దిగేసింది. ఒక గడప దగ్గర దండం పెట్టుకుని, గోడ పట్టుకుని కాసేపు ఆగి, పక్క గడపకు నడుస్తూ అన్నిటినీ తనే చుట్టి వచ్చింది. నన్ను చెయ్యి పట్టుకోనివ్వలేదు. ఆటోవాలా కూడా తొందర పెట్టకుండా చెట్టు కింద కూర్చున్నాడు.

వసంత పంచమికి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి పాపనాశి నుంచే మొదలుపెట్టి, చల్లబడ్డాక నవబ్రహ్మల దగ్గరికి రావాలని అమ్మ నిర్ణయం. స్వర్గబ్రహ్మ చుట్టూ తనే తిరుగుతానంటోంది.