నొప్పి ఏది, మందు మానిన బాధ ఏది

వెన్నులో డిస్క్ ఆపరేషన్ అయిన తొమ్మిదో వారంలో ఒక రోజు, నొప్పి పెద్దగా లేదు కదా అని ట్రమడాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లు ఒక్కసారిగా ఆపేశాను. అప్పటివరకు 50 మిల్లీగ్రాములవి రోజుకు నాలుగు వేసుకునేదాన్ని. ఎవరినీ అడగలేదు. జ్వరం తగ్గాక జ్వరం బిళ్ల మానేస్తాం, ఇదీ అంతే అనుకున్నాను.

ఆ రాత్రి ఆవలింతలు మొదలయ్యాయి. నిద్ర వచ్చి కాదు. ఒకదాని వెనక ఒకటి, దవడలు నొప్పి పుట్టేదాకా. కళ్లలో నీళ్లు, ముక్కు కారడం. జలుబు చేసిందనుకుని ఆవిరి పట్టాను. తెల్లవారేసరికి ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చెమటకు దిండు తడిసిపోయింది. తొమ్మిది వారాలు మలబద్ధకంతో వేగినదాన్ని, ఆ ఒక్క పూటలో ఆరుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తాను. అన్నిటికంటే కాళ్లు. నొప్పి అనలేను, పీకుడు. చాపితే ముడవాలనిపిస్తుంది, ముడిస్తే తన్నాలనిపిస్తుంది. రాత్రి రెండింటికి హాల్లో గోడ పట్టుకుని అటూ ఇటూ నడిచాను.

మూడో రోజు నడుం నొప్పి తిరిగొచ్చింది. అప్పుడు నిజంగా భయపడ్డాను. డిస్క్ మళ్లీ జారింది, ఇంకో ఆపరేషన్ తప్పదు అని ఏడ్చేశాను. డాక్టరు గారు కాళ్లు ఎత్తించి, పాదాల్లో బలం చూసి, స్పర్శ చూసి, ‘‘ట్రమడాల్ ఎప్పుడు ఆపారమ్మా?’’ అని అడిగారు. మూడు రోజుల కిందట అన్నాను. ‘‘ఇది డిస్క్ కాదు, విత్‌డ్రాయల్’’ అన్నారు. అంటే అలవాటైన మందు ఒక్కసారిగా ఆపితే ఒంటికి వచ్చే బాధ.

ట్రమడాల్ మార్ఫిన్ కోవకు చెందిన మందే, కాకపోతే దానికంటే బలహీనమైనది. అదనంగా మెదడులో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాల మీద కూడా పనిచేస్తుందట. అందుకే మానేసినప్పుడు ఒళ్లు బాధతో పాటు ఊరికే గుండె దడ, టెన్షన్, తల తిప్పితే లోపల చిన్న షాక్ కొట్టినట్టు ఉండటం కూడా రావచ్చు. ఆ షాక్ నాకు నిజంగానే వచ్చింది. పిచ్చిదాన్ని అనుకుంటారేమోనని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

‘‘అంటే మందుకి అలవాటు పడిపోయిందా?’’ అని మా ఆయన అడిగారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. డాక్టరు గారు వెంటనే, ‘‘ఒళ్లు అలవాటు పడింది. మత్తు కోసం వెంపర్లాడటం వేరు, ఇది వేరు. వారాల తరబడి వాడితే ఎవరికైనా రావచ్చు’’ అన్నారు. డిశ్చార్జి రోజున ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ నా ఫిర్యాదు.

మళ్లీ మొదలుపెట్టి మెల్లగా తగ్గించాం. రోజుకు 200 నుంచి 150, వారం ఆగి 100. అంతవరకు కాస్త ఆవలింతలు, చిరాకు తప్ప సాఫీగానే గడిచింది. 100 నుంచి 50కి దిగినప్పుడు మాత్రం మొదటి రాత్రులు మళ్లీ వచ్చాయి. ప్రతిసారీ తగ్గించేది 50 అయినా, 200లో 50 అంటే పావు వంతు, 100లో 50 అంటే సగం. ఒంటికి తెలిసేది ఆ వంతే. వెనక్కి 100కి వెళ్లి, ఇంకో వారం ఆగి, ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిపిన బిళ్లకి మార్చారు. రోజుకు రెండు, తర్వాత ఒకటి, తర్వాత సున్నా. అందులోనే పారాసిటమాల్ ఉంది కాబట్టి విడిగా వేసుకునేది లెక్క చూసుకోమన్నారు. (ఎస్ఆర్ అని రాసి ఉండే బిళ్లల్ని మాత్రం విరవడం, నూరడం చేయకూడదట. రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.)

ఇంతలో నాకు బాగా పనికొచ్చింది ఒక నోట్‌బుక్. నొప్పి వచ్చినప్పుడల్లా టైము, చోటు, అప్పుడేం చేస్తున్నానో రాశాను. వారానికే తేడా కనిపించింది. ఆపరేషన్ నొప్పి ఒకే చోట ఉంటుంది, వంగితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. రెండోది ఒళ్లంతా ఉంటుంది, పడుకుంటే ఇంకా ఎక్కువ, డోసు టైము దగ్గరపడేకొద్దీ ముదురుతుంది. మొదటిదానికి ఐస్ ప్యాక్, ఫిజియోథెరపీ. రెండోదానికి వేడినీళ్ల స్నానం, నడక, విరేచనాలయిన రోజుల్లో ఓఆర్‌ఎస్, ఇక ఓపిక. నిద్రకి ఏమైనా రాయమని బతిమాలాను. ట్రమడాల్‌తో నిద్రమాత్రలు కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉందని రాయలేదు. అప్పుడు కోపం వచ్చింది.

బిళ్లలు మా ఆయన దగ్గరే ఉండేవి. పూర్తిగా మానేశాక నేను ఎంత అడిగినా పాత డోసు ఇవ్వొద్దని ఆయనకి విడిగా చెప్పారు. కొన్నాళ్లు మానేసిన ఒళ్లు ఆ మోతాదుకి తట్టుకోలేకపోవచ్చట.

ఆఖరి బిళ్ల తర్వాత అయిదు రోజులు నీరసం, తుమ్ములు. నిద్ర సర్దుకోవడానికి మాత్రం అయిదు వారాలు పట్టింది. ఏడాది తర్వాత పన్ను తీయించుకున్నప్పుడు చీటీలో మళ్లీ ట్రమడాల్ కనిపించింది. జరిగింది చెప్పాను. డెంటిస్టు కొట్టేసి ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ రాశారు. మూడు రోజుల్లో నొప్పి తగ్గింది, ఆవలింతలు రాలేదు.