షో కమాండ్‌కే రౌటర్ రీలోడ్ అవుతుంటే

సిస్కో ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్ అది. కాన్ఫిగరేషన్ మార్చలేదు, కొత్త లింకు కలపలేదు. బీజీపీ టేబుల్ (పక్క రౌటర్లు తెలిపిన నెట్‌వర్క్ దారుల, అంటే రూట్ల, జాబితా) చూద్దామని షో కమాండ్ కొడితే సెషన్ అక్కడే బిగుసుకుపోయింది. కాసేపటికి రౌటర్ మళ్లీ బూట్ అయి వచ్చింది. చూసే కమాండ్ దేన్నీ పాడుచెయ్యదని అందరం నమ్ముతాం. అందుకే మొదటిసారి నెపం కరెంటు మీదకి, రెండోసారి మెమరీ మీదకి పోతుంది. మూడోసారి దాకా ఆగకుండా ఏం చూడాలో, నేను చూసిన వరుసలోనే రాస్తున్నాను.

ముందుగా షో వెర్షన్. చివరి రీలోడ్‌కి కారణం అందులో ఒక లైనులో ఉంటుంది. పవర్ ఆన్ అని ఉంటే కరెంటు సంగతి చూడాలి. వాచ్‌డాగ్ (సిస్టమ్ బిగుసుకుపోతే రీస్టార్ట్ చేసే కాపలా టైమర్) టైమౌట్ అని ఉంటే ఏదో ప్రాసెస్ సీపీయూని వదలకుండా పట్టుకుంది. బస్ ఎర్రర్ (లేని మెమరీ అడ్రస్‌ని చదవబోవడం) అని ఉండి పక్కన అడ్రస్ కనిపిస్తే, దాన్ని పొల్లుపోకుండా రాసిపెట్టుకోవాలి. నాకు రెండుసార్లూ ఒకటే వచ్చింది: 0డి0డి0డి1డి (హెక్స్ అంకెల్లో). ఈ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన మెమరీని 0డి0డి0డి0డి అనే గుర్తుతో నింపుతుంది. ఆ గుర్తునే పాయింటర్ (ఇంకో చోటి మెమరీ అడ్రస్) అనుకుని, దానికి 16 బైట్ల అవతలి ఫీల్డు చదవబోయి కూలిపోయింది. మెమరీ చిప్ పాడైతే ఇంత కచ్చితంగా ఇదే అడ్రస్ మళ్లీ రాదు. హార్డ్‌వేర్ మార్పించే ఆలోచన అక్కడితో మానేశాను.

తర్వాత సాక్ష్యం. ఫ్లాష్‌లో ఉన్న క్రాష్‌ఇన్ఫో ఫైలుని (క్రాష్ వివరాలు రౌటర్ రాసి ఉంచేది) వెంటనే బయటికి కాపీ చేసుకోవాలి. అందులోని ట్రేస్‌బ్యాక్ అంకెలు (కూలిన క్షణంలో కోడ్‌లో ఎక్కడుందో చెప్పేవి) సరిగ్గా అదే ఇమేజ్ (రౌటర్ సాఫ్ట్‌వేర్ ఫైలు) సింబల్ టేబుల్‌తోనే, అంటే ఏ అడ్రస్‌లో ఏ ఫంక్షన్ ఉందో చెప్పే పట్టికతోనే, అర్థమవుతాయి, కాబట్టి ఇమేజ్ ఫైలు పేరు మొత్తం రాసుకోవాలి. లాగ్ బఫర్ ర్యామ్‌లో ఉంటుంది గనక రీలోడ్‌తో పోతుంది. లాగ్‌ని సర్వర్‌కి పంపే సిస్‌లాగ్, చేరిందో లేదో చూసుకోని యూడీపీలో వెళ్తుంది కాబట్టి చివరి లైన్లు సర్వర్‌కి చేరతాయన్న హామీ లేదు. కన్సోల్‌కి ల్యాప్‌టాప్ తగిలించి, సెషన్ లాగింగ్ ఆన్ చేసి వదిలేయడమే మేలు. 9600 బాడ్ దగ్గర సెకనుకి 960 అక్షరాలే వస్తాయి, కాబట్టి క్రాష్ డంప్ నింపాదిగా పడుతుంది. మధ్యలో పవర్ తీసెయ్యకూడదు. కోర్ డంప్ (క్రాష్ అయినప్పటి మెమరీ మొత్తం నకలు) పెట్టుకుంటే ఎఫ్‌టీపీకి పంపాలి, టీఎఫ్‌టీపీకి కాదు. టీఎఫ్‌టీపీ బ్లాకు 512 బైట్లు, బ్లాకు నంబరు 16 బిట్లు. అంటే సుమారు 32 ఎంబీ దాటాక నంబరు మొదటికొస్తుంది, దాన్ని తట్టుకోలేని సర్వర్ దగ్గర ఫైలు సగంలో తెగిపోతుంది.

ఏ కమాండ్‌కి పడిందో టకాక్స్ సర్వర్ (రౌటర్‌లో ఎవరు ఏ కమాండ్ కొట్టొచ్చో తేల్చేది) చెప్పింది. అనుమతి అడిగే ఆథరైజేషన్ అభ్యర్థన కమాండ్ నడవకముందే వెళ్తుంది గనక, క్రాష్‌కి ముందు కొట్టిన ఆఖరి కమాండ్ ఆ లాగ్‌లో భద్రంగా ఉంటుంది. రెండు క్రాష్‌లకీ ఒకే కమాండ్: పూర్తి బీజీపీ టేబుల్.

అసలు మర్మం అవుట్‌పుట్‌ని పేజీలుగా ఆపి చూపించే పేజర్‌లో ఉంది. డిఫాల్ట్‌గా 24 లైన్లకి ఒకసారి తెర "మోర్" అని ఆగుతుంది. ఆ క్షణంలో షో ప్రాసెస్ తను చివరగా చూసిన రూట్ రికార్డు అడ్రస్‌ని పట్టుకుని నిద్రపోతుంది. ఈలోపు పక్క రౌటర్ ఆ రూట్‌ని వెనక్కి తీసుకుంటే (విత్‌డ్రా) బీజీపీ ప్రాసెస్ ఆ రికార్డుని విడుదల చేసేస్తుంది. స్పేస్ బార్ నొక్కగానే షో ప్రాసెస్ లేచి పాత అడ్రస్ నుంచే నడక మొదలుపెడుతుంది. రికార్డుకి రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారనే లెక్క) పెంచి పట్టుకుని ఉంటే ఈ గొడవే లేదు, అక్కడే కోడ్ తప్పింది. పైగా ప్రాసెస్‌ల మధ్య మెమరీ రక్షణ లేని సిస్టమ్ కావడంతో, ఒక్క షో ప్రాసెస్ తప్పుకి పెట్టె మొత్తం కూలింది.

దీన్ని ల్యాబ్‌లో పుట్టించడం తేలికే. అదే ఇమేజ్‌తో ఒక రౌటర్, ఎగ్జాబీజీపీ (బీజీపీ రూట్లు పంపే ప్రోగ్రామ్) నడిచే ఒక లినక్స్ మెషీన్ చాలు. కొన్ని వేల రూట్లు పంపి, షో కొట్టి, "మోర్" దగ్గర ఆగి, రూట్లన్నీ విత్‌డ్రా చేసి, అప్పుడు స్పేస్ నొక్కాలి. ప్రతిసారీ పడకపోవచ్చు. విడుదలైన మెమరీ ఇంకొకరి చేతిలోకి వెళ్లి, అక్కడ చెల్లే పాయింటర్ ఉంటే చెత్త లైన్లు చూపించి బతికిపోతుంది. ఆ చెత్త లైన్లు కూడా సాక్ష్యమే, దాచుకోవాలి.

ప్యాచ్ వచ్చేదాకా టెర్మినల్ లెంగ్త్ 0 ("మోర్" దగ్గర ఆగకుండా చేసే సెట్టింగ్) పెట్టుకోమని చాలామంది చెబుతారు. ప్రమాదం తగ్గుతుంది గానీ పోదు. కనెక్షన్ నెమ్మదిగా ఉండి అవుట్‌పుట్ బఫర్ నిండినా ప్రాసెస్ అలాగే ఆగుతుంది. పైప్ ఇంక్లూడ్ (కావాల్సిన లైన్లనే చూపే వడపోత) కూడా కాపాడదు, వెనక టేబుల్ మొత్తం నడవాల్సిందే. ఒక్క ప్రిఫిక్స్‌నే (ఒక నెట్‌వర్క్ అడ్రస్‌నే) అడగడం మేలు. పూర్తి టేబుల్ కమాండ్‌ని టకాక్స్‌లోనే నిషేధించాను. మానిటరింగ్ స్క్రిప్టుల్లో ఆ కమాండ్ ఉందేమో వెతికి తీసేయాలి, అర్ధరాత్రి క్రాష్‌లకి అవే మూలం కావచ్చు.

ఒక హెచ్చరిక. సపోర్ట్ వాళ్లు మొట్టమొదట అడిగేది షో టెక్. అది పదుల కమాండ్లని వరసగా నడుపుతుంది, వాటిలో మన ప్రాణం తీసే కమాండ్ ఉండొచ్చు. కేసు తెరిచేటప్పుడే ఈ సంగతి చెప్పి, కావాల్సిన భాగాలని విడివిడిగా ఇస్తామనాలి.

సపోర్ట్ వాళ్లు సరిచేసిన ఇమేజ్ ఇచ్చాక, ఈ లోపం బగ్ నంబరు సరిగ్గా మన రిలీజ్ నోట్స్‌లో ఉందో లేదో చూశాను. పక్క రిలీజ్‌లో సరిచేస్తే మనకి ఒరిగేదేం లేదు. ఫ్లాష్‌కి కాపీ చేశాక చెక్‌సమ్ సరిపోల్చి, పాత ఇమేజ్‌ని చెరపకుండా బూట్ లైన్లలో రెండోదిగా ఉంచాను. ల్యాబ్‌లో అదే "మోర్" పరీక్ష పదేపదే చేసి, అన్నిసార్లూ నిలబడ్డాకే అసలు రౌటర్‌ని రీలోడ్ చేశాను. టకాక్స్‌లో నిషేధం మాత్రం మిగతా రౌటర్లన్నీ కొత్త ఇమేజ్‌కి మారాకే ఎత్తేశాను.