సెల్యులోజ్ పొర మీద అయాన్ బీమ్

నీళ్లు వడకట్టే పొరల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సెల్యులోజ్ అసిటేట్. పత్తి గింజల మీది నూగు నుంచో, కలప గుజ్జు నుంచో తీసిన సెల్యులోజ్‌నే కాస్త మార్చి చేస్తారు కాబట్టి సగం ప్రకృతిదే. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో లోబ్, సౌరిరాజన్ అనే ఇద్దరు పరిశోధకులు ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పొర చేసింది దీంతోనే. కిటుకంతా పైన ఉండే పలుచటి తొక్కలో ఉంది, మందం 100, 200 నానోమీటర్లు ఉంటుందేమో, దాని కిందిదంతా స్పాంజిలాంటి ఆసరా.

అయాన్ బీమ్ మీద, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులను (అయాన్లను) వేగంగా ఒకే దిక్కుకి వదిలే ధార మీద, నాకు ఆసక్తి కలిగింది ఈ కొలత వల్లే. నైట్రోజన్ అయాన్లను కొన్ని పదుల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వదిలితే పాలిమర్‌లో దాదాపు ఆ లోతుకే వెళ్లి ఆగిపోతాయి, అంటే తొక్క మారుతుంది, కింద ఆసరా అలాగే ఉంటుంది. వెళ్లే దారిలో బంధాలు తెగుతాయి, హైడ్రోజన్ వాయువుగా బయటికి పోతుంది, తెగిన కొసలు కొన్ని పక్క గొలుసుతో ముడిపడతాయి, మిగిలినవి తర్వాత గాలి తగిలినప్పుడు ఆక్సిజన్‌ని పట్టుకుంటాయి.

అయితే డోసు దగ్గర, అంటే పొర మీద ఎన్ని అయాన్లు పడ్డాయన్న దగ్గర, చాలా జాగ్రత్తగా ఉండాలి. సెల్యులోజ్‌లో చక్కెర వలయాలను కలిపే ఆక్సిజన్ వంతెన తేలిగ్గా తెగుతుంది, అందుకే పాలీఇమైడ్ లాంటి గట్టి ప్లాస్టిక్‌లు తట్టుకునే డోసు దీనికి ఎక్కువైపోతుంది: రంగు గోధుమకి తిరుగుతుంది, కార్బన్ మిగులుతుంది, వంచితే పగులుతుంది. ఇంకోటి, దీనికి నీళ్లంటే ముందునుంచే ఇష్టం కాబట్టి, నీళ్లు అంతగా పట్టని పాలీసల్ఫోన్ అనే పొర ప్లాస్టిక్‌లో కనిపించేంత పెద్ద మార్పు ఈ గుణంలో ఇక్కడ ఆశించకూడదని నా అభిప్రాయం. తొక్క బిగుతు, దాని మీది విద్యుదావేశం, వీటి మీద పనిచేస్తేనే ప్రయోజనం.

అసలు టెన్షన్ మాత్రం బీమ్‌కి ముందే మొదలవుతుంది. వాక్యూమ్‌లో పెట్టాలంటే పొర ఆరాలి, తడి పొరను నేరుగా ఆరబెడితే నీటి తలతన్యత రంధ్రాలను లాగి మూసేస్తుంది. అందుకే ముందు ఆల్కహాల్‌లో, ఆ తర్వాత హెక్సేన్‌లో ఉంచి, నీటిని మెల్లగా బయటికి పంపి ఆరబెడతారు. ఇది సరిగా చేయకపోతే నీటి ప్రవాహం తగ్గినప్పుడు తప్పు బీమ్‌దో ఆరబెట్టడానిదో తేలదు. కాబట్టి అదే షీట్ నుంచి కోసిన ఇంకో ముక్కని అలాగే ఆరబెట్టి, అంతే సేపు వాక్యూమ్‌లో ఉంచి, బీమ్ మాత్రం తగలకుండా తీసి పక్కన పెట్టుకోండి, రెండింటినీ ఒకే ఒత్తిడిలో నడిపి చూడండి.