ఎడమ పక్కనుంచి వస్తున్నా!

"ఆన్ యువర్ లెఫ్ట్!"

వెనకనుంచి ఆడగొంతు వినబడేసరికి చటుక్కున ఎడమకి జరిగాను. అరవై ఏళ్లుగా రోడ్డు మీద చేస్తున్న పనే అది. వెనక హారన్ మోగితే ఎడమకి తప్పుకోవడం. సైకిలు కూడా సరిగ్గా అటే వచ్చింది. బ్రేకులు కీచుమన్నాయి, హ్యాండిల్ నా మోచేతిని రాసుకుంటూ పోయింది, ఆవిడ సైకిలుతో సహా గడ్డిలోకి దిగిపోయింది. తిట్లు తప్పవనుకున్నాను. ఆవిడే "సారీ, సారీ" అనుకుంటూ వెళ్లిపోయింది. క్లాసు పీకింది మా అబ్బాయి.

"అమ్మా, ఎడమ పక్కనుంచి నేను వెళ్తున్నానని చెప్పడం అది. నువ్వు కుడి పక్కనే నడవాలి."

ఆ ముక్కేదో పూర్తిగా చెప్పొచ్చు కదా! అంత పొదుపుగా అరిస్తే ఎడమకి పొమ్మన్నట్టా, పోవద్దన్నట్టా?

ఉత్తర కాలిఫోర్నియాలో ఆర్కేటా, మెకిన్లీవిల్ ఊళ్లను కలిపే హామండ్ ట్రైల్ ఇది. ఒకప్పుడు హామండ్ కంపెనీ కలప రైళ్లు తిరిగిన దారి. ఇప్పుడు నడిచేవాళ్లు, సైకిళ్లు, గుర్రాలు, చంటిపిల్లల బళ్లు, కుక్కలు అన్నీ అందులోనే. మొత్తం ఐదున్నర మైళ్లు. టికెట్టు లేదు. ముందు రాత్రి మోటెల్‌కి పోసిన డబ్బు తలుచుకుంటే ఆ మాత్రం ఊరట దొరకాల్సిందే.

హిల్లర్ పార్కులో కారు పెట్టి, ముందు దక్షిణంగా మ్యాడ్ రివర్ మీద ఉన్న పాత ఇనుప వంతెన దాకా వెళ్లాం. అవతల పచ్చటి బీళ్లలో ఆవులు, కింద నిదానంగా పోయే నీళ్లు. జులైలో స్వెటర్ వేసుకుని, దాని మీద చున్నీ చుట్టుకున్నాను. మెకిన్లీవిల్‌లో ఉన్న విమానాశ్రయాన్ని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా నౌకాదళం కట్టిందట. పొగమంచులో విమానాలు దించడమెలాగో ఇక్కడే పరీక్షలు చేశారట. చోటు బాగానే వెతుక్కున్నారు.

మళ్లీ వెనక్కొచ్చి ఉత్తరంగా నడిచాం. అసలు నది అక్కడ కనబడింది. తిన్నగా పోయి సముద్రంలో పడదు ఇది. ఇసుకదిబ్బకి ఇవతలే ఉండి, సముద్రం పక్కనే కాస్త దూరం నడుస్తుంది. ఇవతల నిశ్చలంగా నీళ్లు, మధ్యలో బూడిదరంగు ఇసుక, అవతల తెల్లగా విరుచుకుపడే కెరటాలు. చిన్నప్పుడు అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. అక్కడ గోదారి ఎర్రనీళ్లు ఎక్కడ అయిపోయాయో వేలు పెట్టి చూపించొచ్చు. ఇక్కడ పొగమంచులో ఏదెక్కడ కలుస్తోందో తేలలేదు. తేల్చుకుందామని ఆగితే, మా వాడు వాచీ చూసుకుని "పదమ్మా, ఆగితే పేస్ పడిపోతుంది" అంటాడు.

ఆ నదిక్కూడా నాలాగే ఎడమా కుడీ తేలదు. దాని మొగ 1970ల నుంచి ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ పోయి, 101 హైవే కింది గట్టునే కొయ్యడం మొదలుపెట్టింది. 1990లలో అక్కడ బండరాళ్లు పేర్చారు. తీరా ఆ దశాబ్దం చివర్లో తనే ఇసుక తెంచుకుని మళ్లీ దక్షిణానికి వచ్చేసింది. దానికెవరూ క్లాసు పీకలేదు.

తిరిగొస్తుంటే ఎదురుగా గోధుమరంగు గుర్రం, దాని మీద పదిహేనేళ్ల పిల్ల. ఇక్కడ గుర్రాలకే ముందు దారి అని మెకిన్లీవిల్ ఊరు గొప్పగా చెప్పుకుంటుంది. నిజమే. సైకిళ్లన్నీ ఆగిపోయాయి. నన్ను గుద్దబోయినావిడ కూడా ఒక కాలు నేల మీద ఆనించి నిలబడింది. గుర్రం ఎవరినీ పట్టించుకోకుండా టకటక నడిచొచ్చి, సరిగ్గా దారి మధ్యలో పొగలు కక్కే పేడ వేసి వెళ్లింది. అటు పక్కనుంచి పోవాలో ఇటు పక్కనుంచి పోవాలో ఈసారి మా అబ్బాయికీ తెలియలేదు.

ట్రైల్ ఉత్తరపు కొసనున్న క్లామ్ బీచ్ దాకా వెళ్లకుండానే నా మోకాళ్లు చాలన్నాయి.

నదికి ఆ పేరెలా వచ్చిందో రాత్రి ఫోన్‌లో చదివాను. దీని ఒడ్డున ఎప్పటినుంచో ఉన్న వియోట్ జనం దీన్ని బడువాట్ అంటారు. 1849 డిసెంబరులో జొసయ్యా గ్రెగ్ అనే ఆయన కొంతమందితో కొండలు దాటి, తిండి లేక నీరసించి ఇక్కడికి చేరాడు. అప్పుడు కూడా నది మొగ దగ్గర ఆగి, పరికరాలతో అక్షాంశం లెక్క చూడాలన్నాడు. మిగతావాళ్లు ఆగలేదు, పడవెక్కి తోసుకున్నారు. ఆయన పరికరాలు పట్టుకుని నీళ్లలోకి దిగి, వాళ్ల వెంటపడి, పట్టరాని కోపంతో అరిచాడట. ఆ అరుపులకి నది పేరు మ్యాడ్ రివర్ అయింది. అంత దూరం వచ్చి, నది కలిసే చోట కాసేపు ఆగనివ్వమన్నవాడిది తప్పా?

ఇదంతా మా వాడికి చదివి వినిపించాను.

"నిన్నెవరూ పడవెక్కి వదిలెయ్యలేదుగా అమ్మా?" అన్నాడు.

"కారు తాళాలు నా సంచీలో ఉన్నాయిరా" అన్నాను.